సాల్మింగ్‌కు పావు పేజీ ఇవ్వండి
క్రికెట్ తప్ప వేరే ఆటల్లో గొప్పవాళ్ల జీవితాలు మన క్రీడా పేజీల్లో దాదాపు కనిపించడం లేదు. స్వీడన్ ఐస్ హాకీ ఆటగాడు బోర్యే సాల్మింగ్‌నే తీసుకోండి. కిరునా గనుల ఊరిలో పెరిగి, చిన్నప్పుడే గని ప్రమాదంలో తండ్రిని పోగొట్టుకుని, 1973లో కెనడా జట్టు టొరంటో మేపుల్ లీఫ్స్‌లో చేరారు. స్వీడన్ వాళ్లు పిరికివాళ్లని ఎగతాళి చేసే రోజులవి. ఆయన అక్కడే 16 సీజన్లు ఆడారు. 1986లో ప్రత్యర్థి స్కేటు (మంచుపై జారే బూటు) బ్లేడు తగిలి ముఖానికి 200కు పైగా కుట్లు పడ్డా మళ్లీ బరిలోకి దిగారు. 2022 నవంబరులో కండరాలను క్రమంగా చచ్చుబడేసే ఏఎల్ఎస్ అనే నరాల జబ్బుతో మాట పోయిన స్థితిలో టొరంటో స్టేడియానికి వచ్చిన వీడియో చూశాను; పక్కన పాత సహచరుడు డారిల్ సిట్లర్ కన్నీళ్లు ఆపుకోలేకపోయారు. అదే నెల 24న సాల్మింగ్ కన్నుమూశారు. ఇలాంటివాళ్ల కోసం ఆదివారం క్రీడా పేజీలో పావు పేజీ కేటాయించాలి, స్కూలు పిల్లలు చదివేంత తేలికగా రాయించాలి.