ఆ తప్పుడు సమాచారం ఎవరిది?

సంపాదకునికి,

మీ ఆదివారం సంచికలో యుద్ధ సినిమాల మీద వ్యాసం చదివాను. స్టాన్లీ కుబ్రిక్ 1957లో తీసిన ‘పాత్స్ ఆఫ్ గ్లోరీ’ని మెచ్చుకున్నారు, సంతోషం. కానీ కందకాల దృశ్యాల దగ్గరే ఆగిపోయారు. ఆ సినిమాకు ప్రాణం సైనిక కోర్టు. పదోన్నతి మీద ఆశతో ఒక జనరల్, చేతికి చిక్కదని తెలిసీ ఒక గుట్ట మీదికి తన మనుషులను తోలుతాడు. దాడి విఫలమవుతుంది. కదలని సొంత సైనికుల మీదే ఫిరంగులు పేల్చమంటాడు. కాగితం మీద ఆర్డర్ ఇస్తే తప్ప పేల్చనంటాడు ఫిరంగి దళం అధికారి. చివరికి పిరికితనం నేరం మీద బోనెక్కింది ముగ్గురు మామూలు సిపాయిలు. ఆ విచారణను రాసిపెట్టే మనిషి కూడా ఉండడు.

ఇదంతా కల్పనేం కాదు. 1915లో ఫ్రాన్స్‌లోని సువాన్ దగ్గర నలుగురు కార్పొరల్స్‌ను (చిన్న హోదా సైనికులను) ఇలాగే బోనెక్కించి కాల్చేశారు. వారిలో ఒకరి భార్య, బ్లాంష్ మోపా అనే టీచరమ్మ, ఏళ్ల తరబడి పోరాడితే 1934లో గానీ వాళ్ల మీద మచ్చ పోలేదు.

మన దేశంలో ఓటింగ్ (Oting) అనే ఊరికి ఆపాటి విచారణ కూడా దక్కలేదు. 2021 డిసెంబర్ 4న నాగాలాండ్ మోన్ జిల్లాలో, తీవ్రవాదులు వస్తున్నారన్న సమాచారంతో మాటు వేసిన మన సైన్యం పారా కమాండోలు, బొగ్గు గని నుంచి పికప్ వ్యానులో ఇంటికి పోతున్న కూలీలపై కాల్పులు జరిపారు. ఆరుగురు చనిపోయారు. వెతుక్కుంటూ వచ్చిన ఊరివాళ్లతో జరిగిన గొడవలో మరో ఏడుగురు, ఒక జవాను పోయారు. మర్నాడు మోన్ పట్టణంలో ఇంకొకరు. రాష్ట్ర పోలీసుల ప్రత్యేక దర్యాప్తు బృందం (సిట్) 30 మంది సైనికుల మీద ఛార్జిషీటు వేసింది. వాళ్లను కోర్టులో విచారించాలంటే సాయుధ దళాల ప్రత్యేక అధికారాల చట్టం కింద కేంద్రం అనుమతి కావాలి. 2023లో కేంద్రం కాదంది. 2024 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు కేసు మూసేసింది, క్రమశిక్షణ చర్యల సంగతి సైన్యం ఇష్టానికే వదిలేసింది.

నేను ఒక జవాను తండ్రిని. సైనికులను బోనెక్కించాలన్న సరదా నాకేం లేదు. అయితే ట్రిగ్గర్ నొక్కిన కుర్రాడి కంటే ముందు తేలాల్సింది వేరే ఉంది. ఆ సమాచారం ఇచ్చిందెవరు? సరిచూడకుండా బయల్దేరమన్నదెవరు? విచారణే లేకపోతే పైవాళ్లను అడిగే నాథుడుండడు, కిందివాళ్ల మీద మాత్రం అనుమానం జీవితాంతం ఉండిపోతుంది. ఇక కూలీల ఇళ్లలో వాళ్లకు ఏం చెప్తాం?

సైన్యానికి చేతకాక కాదు. 2020లో కశ్మీర్‌లోని ఆంషిపొరాలో ముగ్గురు అమాయకులను చంపిన కేసులో ఒక కెప్టెన్‌కు సైనిక కోర్టే యావజ్జీవ శిక్ష వేసింది. (సాయుధ దళాల ట్రిబ్యునల్ తర్వాత ఆ శిక్షను నిలిపేసింది, అది వేరే సంగతి.)

ఓటింగ్ కాల్పుల మీద సైన్యం జరిపిన కోర్ట్ ఆఫ్ ఎంక్వైరీ (అంతర్గత దర్యాప్తు) నివేదికను రక్షణ శాఖ బయటపెట్టాలి. రహస్యాలుంటే ఆ పేజీలు తీసేసి ఇవ్వొచ్చు. లోక్‌సభలో నాగాలాండ్‌కు ఉన్నది ఒక్క సీటు. మన రెండు రాష్ట్రాలకు 42 ఉన్నాయి. ఈ ప్రశ్న మనవాళ్లలో ఎవరైనా అడగొచ్చు.

– ఒక జవాను తండ్రి, పలాస