క్రీడాధికారి గారూ, ఆ ఇరవై నిమిషాలు ఇప్పించండి

జిల్లా క్రీడాధికారి గారికి నమస్కారం.

మా అమ్మాయికి పదిహేనేళ్లు. మొన్న ఒక టోర్నమెంట్‌లో, ఎవరూ తగలకుండానే, పరుగులో గబుక్కున పక్కకు తిరగబోయి కూలబడింది. మోకాల్లో లిగమెంట్ తెగింది. ఆ రోజు వార్మప్ అంటే గ్రౌండ్ చుట్టూ రెండు రౌండ్లు, అంతే. కోచ్‌ని తప్పుపట్టను, ఆయనకు మాత్రం ఎవరు నేర్పారు?

అలాగని ఇది తలరాత అని ఊరుకోలేనండీ. 2007లో నార్వేలో 13 నుంచి 17 ఏళ్ల ఫుట్‌బాల్ అమ్మాయిలు 1,892 మందిపై ఒక సీజన్ పాటు పరిశోధన చేశారు. ‘11+’ అనే వార్మప్ చేసిన క్లబ్బుల్లో గాయాలు దాదాపు మూడో వంతు తగ్గాయి, తీవ్రమైనవి సగం దాకా.

ఇరవై నిమిషాల పని. మెల్లగా పరుగు, ప్లాంక్ (మోచేతులు, కాలివేళ్ల ఆనికతో ఒళ్లు తిన్నగా నిలపడం), ఒంటికాలి మీద నిలబడటం, ఎగిరి దూకడం. దిగేటప్పుడు మోకాళ్లు లోపలికి వాలకూడదు, అసలు కిటుకు అక్కడే ఉంది. ఇంకోటి: మోకాళ్ల మీద నిలబడితే తోటి పిల్ల చీలమండల దగ్గర నొక్కి పట్టుకుంటుంది, నడుము వంచకుండా మెల్లగా ముందుకు వాలాలి. మొదట్లో బోర్లా పడి నవ్వుకుంటారు. కొనాల్సిందేమీ లేదు.

వేసవి క్యాంపులకు ముందే పీఈటీలకు ఒక్కరోజు శిక్షణ పెట్టించండి. వారానికి రెండుసార్లయినా చేయిస్తున్నారో లేదో చూడండి. ఫ్లెక్సీలకు దొరికే డబ్బు దీనికీ దొరుకుతుందనుకుంటాను.

ఇట్లు,
ఒక క్రీడాకారిణి తండ్రి