కరెంటు పోకముందే మా ఇంటికొచ్చిన సాయం

2021 ఫిబ్రవరిలో టెక్సస్‌లో వచ్చిన మంచు తుఫానులో మాకు సాయం చేసిన వాళ్లందరికీ ఫోన్‌లో థాంక్స్ చెప్పాను కానీ తనివి తీరలేదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను. మేముండేది డాలస్ దగ్గర ఫ్రిస్కోలో. ఇంట్లో నేను, అమ్మ, ఏడు నెలల పాప. మా ఆయన డిసెంబర్‌లో విజయవాడ వెళ్లి, వీసా స్టాంపింగ్‌కి అపాయింట్‌మెంట్ దొరక్క అక్కడే ఉండిపోయారు.

ముందు మా పక్కింటి పెద్దాయనకి. మిన్నెసోటాలో పుట్టి పెరిగిన మనిషి, చలి సంగతి ఆయనకి తెలిసినట్టు మా వీధిలో ఎవరికీ తెలీదు. ఫిబ్రవరి 13, శనివారం మధ్యాహ్నం మాస్కు పెట్టుకుని వచ్చి, ఒక్క గంట టైమిస్తే, నీళ్లు గడ్డకట్టి పైపులు చీలకుండా ఏం చేయాలో ఇల్లంతా చూసి చెబుతానన్నారు. బయటి కుళాయిలకి పెట్టే కవర్లు అప్పటికే షాపుల్లో అయిపోతే పాత తువ్వాళ్లు చుట్టి, పైన ప్లాస్టిక్ కవరు కప్పి, టేపు వేశారు. సింకుల కింద అల్మరా తలుపులు తీసి ఉంచమన్నారు, లోపల కుళాయిలు సన్నటి ధారగా వదలమన్నారు, బాత్‌టబ్ నింపి పెట్టుకోమన్నారు. పాప పాలపొడికి ఉన్న ఫ్లాస్కులన్నిటిలో మరిగించిన నీళ్లు పోసి పెట్టుకోమన్నదీ ఆయనే. కరెంటు పోయాక ఫ్రిజ్ తలుపు ఊరికే తెరవకపోతే నాలుగు గంటలు పర్లేదు, ఆ తర్వాత పాలూ పెరుగూ డబ్బాలో పెట్టి గ్యారేజీలోకి మార్చేయమన్నారు.

అన్నిటికంటే ముఖ్యమైనది ఆఖర్న చూపించారు. ఫుట్‌పాత్ పక్కన గడ్డిలో నీళ్ల మీటరు మూత ఉంటుంది కదా, నాలుగేళ్లుగా దాని మీద నుంచే నడుస్తున్నా ఎప్పుడూ తెరిచి చూడలేదు. ఆయన మూత ఎత్తి, మోకాలి ఎత్తున్న, ఇంగ్లీషు T అక్షరం ఆకారపు ఇనప తాళంచెవి లోపలికి దించి పావు మలుపు తిప్పారు, ఇంట్లో కుళాయి ఆగిపోయింది. మళ్లీ తిప్పారు, వచ్చింది. తర్వాత నా చేత రెండుసార్లు చేయించారు. గట్టిగా ఉంది, మొదటిసారి నా వల్ల కాలేదు, అయ్యేదాకా పక్కనే నిలబడ్డారు. ఆ తాళంచెవి నా దగ్గరే వదిలి వెళ్లారు.

15వ తేదీ తెల్లవారుజామున రెండింటికి కరెంటు పోయింది. కాసేపు తీసి కాసేపు ఇస్తారనుకున్నాం కానీ పోయింది పోయినట్టే ఉంది. గ్యాస్ బావుల దగ్గరా, కరెంటు కేంద్రాల్లోనూ పరికరాలు గడ్డకట్టి, కొన్నిటికి గ్యాస్ అందక, కేంద్రాలు వరసగా ఆగిపోయాయి, టెక్సస్ గ్రిడ్ (కరెంటు సరఫరా వ్యవస్థ) దేశంలో మిగతా గ్రిడ్లతో పెద్దగా కలిసి ఉండదు కాబట్టి బయటి నుంచి కావలసినంత తెచ్చుకునే దారీ లేదు. ఇంకో 4 నిమిషాల 37 సెకన్లు అలాగే సాగి ఉంటే గ్రిడ్ మొత్తం కుప్పకూలేదని నడిపేవాళ్లే తర్వాత చెప్పారు. అది విన్నప్పుడు నాకు ఒళ్లు జలదరించింది.

సోమవారం రాత్రికి ఇంట్లో 50 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 10 సెల్సియస్. పాప చేతులు చల్లబడిపోతుంటే అమ్మ తట్టుకోలేక, పెరట్లో గ్రిల్ ఉందిగా, బొగ్గులు రాజేసి లోపల పెడదామే, నువ్వు పుట్టినప్పుడు బాలింత గదిలో నెల్లాళ్లు కుంపటి ఆరనివ్వలేదు అంది. అమ్మ తప్పేం లేదు, మా అమ్మమ్మది పెంకుటిల్లు, పొగా గాలీ పోయే సందులు బోలెడు. ఇక్కడి ఇళ్లు డబ్బాలా మూసుకుని ఉంటాయి, బొగ్గుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన కూడా ఉండదు. గ్రిల్ లోపలికి తేవొద్దు, గ్యారేజీలో కారు ఆన్ చేసి కూర్చోవద్దు అని శనివారమే పెద్దాయన రెండుసార్లు చెప్పారు కాబట్టి అమ్మని ఆపగలిగాను. చెప్పకపోయి ఉంటే నేనే బొగ్గులు తెచ్చేదాన్నేమో. మరునాడు హ్యూస్టన్‌లో గ్యారేజీలో కారు నడుస్తూ ఉండిపోయిన ఇంట్లో ఒక తల్లి, కూతురు పోయారని తెలిసి అమ్మ చాలాసేపు మాట్లాడలేదు.

మంగళవారం పొద్దున డాలస్ ఎయిర్‌పోర్టులో మైనస్ 2 ఫారెన్‌హీట్, అంటే మైనస్ 19 సెల్సియస్. 1949 తర్వాత ఇక్కడ అంత చలి ఇదే. ఆ పొద్దున్నే మా అక్క (సొంత అక్క కాదు, గుళ్లో పరిచయం, ఇప్పుడు సొంత అక్కే) ఫోన్ చేసి, మా ఇల్లు హాస్పిటల్ ఉన్న లైను మీద ఉంది, కరెంటు పోలేదు, బావగారు బండి తెస్తున్నారు, పాప సామాను ఒక్కటే సర్దుకో అంది. కోవిడ్ కదక్కా అంటే, మీకు మేడ మీద గది విడిగా ఉంచాను, మాట్లాడకుండా రా అంది. బావగారు రెండు మైళ్లు రావడానికి నలభై నిమిషాలు పట్టింది. బయల్దేరేముందు నేను వెళ్లి, మంచు తవ్వి మూత తీసి, నీళ్లు కట్టేసి, కుళాయిలన్నీ తెరిచి వచ్చాను.

అక్కా, మూడు కుటుంబాలకి రెండు రోజులు వండిపెట్టావు, పాపకి నీ చేత్తో వేడినీళ్ల స్నానం చేయించావు. మిరియాల చారుతో వేడన్నం తిన్నాక అమ్మ మొదటిసారి కంటినిండా నిద్రపోయింది. ఆ ఋణం ఎలా తీర్చుకోవాలో నాకు తెలీదు.

గురువారం ఇంటికొచ్చి, పెద్దాయన్ని పక్కన పెట్టుకుని నీళ్లు మెల్లగా వదిలితే హాలు సీలింగ్ మీద చెయ్యంత తడి మరక కనిపించింది. వెంటనే కట్టేశాం. అటకలో పైపు చీలింది. ముందే కట్టేసి ఉండకపోతే మా వీధిలో రెండిళ్లలోలా సీలింగ్ మొత్తం ఊడి కిందపడేది. ఆయనకి ఇంగ్లీషులో కార్డు రాసిచ్చాను, కానీ మనసులో ఉన్నదంతా అందులోకి రాలేదు, అందుకే తెలుగులో మీ అందరి ముందూ చెబుతున్నాను.

ప్లంబర్ వచ్చే బుధవారం వస్తానన్నాడు, అప్పటిదాకా నీళ్లు అక్క ఇంటి నుంచే. ఫ్రిస్కో, ప్లేనో వైపు ఎవరికైనా మీటరు మూత ఎక్కడుందో, ఎలా తిప్పాలో తెలియకపోతే మెసేజ్ పెట్టండి, తాళంచెవి నా దగ్గర ఉంది, వచ్చి చూపిస్తాను.