2025 వార్షిక నివేదిక: పాత హాలుకు ఇనుప నడికట్టు

సభ్యులందరికీ నమస్కారం. సంక్రాంతి ముగ్గులు, చలివేంద్రం, పిల్లల వేసవి క్లాసులు ఎప్పట్లాగే జరిగాయి. వాటి గురించి ఎక్కువ రాయను. ఏడాదంతా మన బుర్ర తిన్నది సంఘం పాత హాలే.

2024 డిసెంబర్ 4 పొద్దున ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో భూమి కదిలింది. హైదరాబాద్ దాకా తెలిసింది. ఆ తర్వాత హాలు తీసి చూస్తే ఈశాన్యం మూల పగులు. భూకంపం తెచ్చిందా, ముందే ఉందా అని రెండు మీటింగులు వాదించుకున్నాం. పగుల్లో పాత సాలెగూడు చూపించి మేస్త్రీ ఆ పంచాయితీ తెంచాడు.

"నల్లగొండకు భూకంపమేంది" అన్నారు కొందరు. నిజమే, ఇన్నాళ్లూ ఐఎస్ 1893 (భూకంపాలకు తట్టుకునే కట్టడాల భారత ప్రమాణం) మ్యాప్‌లో మనది రెండో జోన్, అన్నిటికన్నా ప్రమాదం తక్కువ. కానీ 1993 సెప్టెంబర్ 30న మహారాష్ట్రలో లాతూర్ దగ్గర కిల్లారి ఊరు భూకంపానికి కూలినప్పుడు అది అప్పటి మ్యాప్‌లో మొదటి జోన్, ఇంకా తక్కువ. అక్కడ ఎక్కువమంది ప్రాణాలు తీసింది మందపాటి రాతిగోడలే. లోపలి వరస, బయటి వరస మధ్య మట్టి, చిల్లరాళ్లు. రెండిటినీ కలిపే కట్టురాయి లేదు. మనది డంగు సున్నం గోడ, అంత అన్యాయం కాదు. అయినా ఇంజనీర్ సుత్తితో కొట్టి వినిపించాడు: నడుమ ఖంగున, మూల దగ్గర డొల్లగా.

అందుకని దూలాల కింద గోడల చుట్టూ లోపలివైపు స్టీల్ ఛానల్ (గాడి ఉన్న ఇనుప పట్టీ) నడికట్టులా బిగించాం. ఎదురెదురు గోడలను ఇనుప కడ్డీలతో కలిపాం. కడ్డీ చివర బయట ప్లేటు, నట్టు. భూమి ఊగితే నాలుగు గోడలూ తలో దిక్కు పోకుండా పెట్టెలా కలిసి కదలాలి. నట్లు అటు సగం చుట్టు, ఇటు సగం చుట్టు మెల్లగా తిప్పారు. బలవంతంగా బిగిస్తే ప్లేటు కింద సున్నం నలుగుతుంది. టేకు దూలాల పక్కన నిప్పురవ్వలు వద్దని వెల్డింగ్ మానేసి అన్నీ బోల్టులే వేయించాం.

ఒక తప్పు ఒప్పుకోవాలి. మొదట పిలిచిన కాంట్రాక్టర్ పగులును సిమెంటుతో పూస్తుంటే చూస్తూ ఊరుకున్నాం. వానలకు గోడలోని తేమ బయటికి పోలేక చుట్టూ సున్నం పొడిపొడిగా రాలింది. సిమెంటు చెక్కించి మళ్లీ సున్నం పూయించిన కూలి ఖర్చు మన సంఘం మీదే పడింది.

బయట కనిపించే ప్లేట్లు అందం చెడగొట్టాయని కొందరు పెద్దమనుషులు అలిగారు, పూత వేసి దాచేద్దామన్నారు. నేనైతే వద్దంటాను. నట్టు వదులైందో, తుప్పు పట్టిందో కంటికి కనపడాలి కదా.

పిట్టగోడ పని మిగిలింది. పట్టు లేని పిట్టగోడ ముందుగా పడుతుంది, అదీ వీధిలోకి. దానికి వెనక యాంగిళ్లు (ఎల్ ఆకారపు ఇనుప ముక్కలు) వచ్చే ఏడాది వేయిస్తాం. అందాకా దాని కింద బండ్లు పెట్టకండి. పద్దుల పుస్తకం హాల్లోనే ఉంది, సాయంత్రం 5 తర్వాత ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు.

– కార్యదర్శి