నాగార్జునకొండ మీద గంట సమయం చాలదు

సంపాదకులు గారికి నమస్కారాలు.

విజయపురి సౌత్ రేవులో లాంచీ ఎక్కి, ముప్పావుగంట పైగా నీళ్ల మీద ప్రయాణించి నాగార్జునకొండ చేరే యాత్రికులకు అక్కడ దొరుకుతున్న సమయం ఎంత తక్కువో మీ పత్రిక ద్వారా సంబంధిత అధికారుల దృష్టికి తేవాలని ఈ ఉత్తరం రాస్తున్నాను. నేను చరిత్ర పాఠాలు చెప్పే ఉపాధ్యాయుడిని. కిందటి చలికాలంలో మా బడి పిల్లలను అక్కడికి తీసుకువెళ్లాను. లాంచీ దిగుతుండగానే గంటలో తిరిగి రావాలని చెప్పారు. రేవు నుంచి మ్యూజియం దాకా నడక, లోపలికి వెళ్లడానికి వరుస, ఇవి పోను మాకు మిగిలింది అరగంట. సిద్ధార్థుడు ఇల్లు విడిచిపోయే ఘట్టం చెక్కిన సున్నపురాతి పలక ముందు కూర్చుని, అందులోని గుర్రాన్ని నోటుపుస్తకంలో గీసుకుంటున్న మా ఏడో తరగతి అమ్మాయి, మెడ దాకా గీసేసరికి లాంచీ కూత వినిపించి, పుస్తకం మూసి పరుగెత్తవలసి వచ్చింది.

ఇది నీళ్ల మధ్య చూడముచ్చటగా ఉండే ఒక దీవి మాత్రమే అయితే గంట సరిపోయేదేమో. కానీ మనం దీవి అంటున్నది ఒకప్పటి కొండ. దాని చుట్టూ ఉన్న లోయలోనే పూర్వం ఆంధ్రదేశాన్ని ఏలిన ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉండేది. 1926లో ఆ శిథిలాల జాడ బయటపడింది. 1955 డిసెంబరు 10న నాగార్జునసాగర్ ఆనకట్టకు పునాదిరాయి పడింది. లోయ మునిగిపోతుందని తెలిసి, 1954 నుంచి 1960 వరకు పురావస్తు శాఖ వారు ఆర్. సుబ్రహ్మణ్యం గారి ఆధ్వర్యంలో అక్కడ విస్తృతంగా తవ్వకాలు జరిపి, ఎంపిక చేసిన కట్టడాలను విడదీసి కొన్నింటిని కొండ మీద, మరికొన్నింటిని ఒడ్డున అనుపు దగ్గర తిరిగి నిలబెట్టారు. మిగిలినవన్నీ, పుల్లారెడ్డిగూడెం గ్రామంతో సహా, నీటి కిందికి వెళ్లాయి. ఆ నీటితో పండిన అన్నం తింటున్న పలనాటి వాళ్లం మేము. అందుకే ఆ కొండ మీద మిగిలినదాన్ని మా పిల్లలు నింపాదిగా చూడాలని నా తపన.

మ్యూజియం దాటి చెట్ల నీడన నడిస్తే తిరిగి కట్టిన స్తూపాలు, విహారాలు, స్నానఘట్టం, బృహత్ శిలాయుగపు సమాధి కనిపిస్తాయి. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి మేనత్త శాంతిశ్రీ పోషణతో వెలసిన పెద్ద స్తూపం, మహాచైత్యం పునాదిలో ఇటుక గోడలు బండిచక్రపు ఆకుల్లా మధ్య నుంచి అంచులకు పరచుకుని ఉంటాయన్న సంగతి పుస్తకంలో చదివితే ఒక పట్టాన అర్థం కాదు, ఎదురుగా నిలబడితే ఇట్టే తెలుస్తుంది. మా పిల్లల్లో ఒక్కరూ అంతదూరం వెళ్లలేకపోయారు. ఒడ్డు అంచున నిలబడి, నల్లమల కొండల నడుమ అంత జలరాశిని తృప్తిగా చూసుకునే తీరిక కూడా ఎవరికీ దొరకలేదు.

చీకటి పడకముందే అందరినీ ఒడ్డుకు చేర్చవలసిన బాధ్యత లాంచీ నడిపేవారిది కాబట్టి వారి ఇబ్బంది నేను గ్రహించగలను. అయితే ఉదయం వెళ్లినవారు అదే టికెట్టుతో ఆ రోజు తర్వాతి లాంచీలో, చోటు ఉన్నంత మేరకు, తిరిగి వచ్చే వీలు కల్పిస్తే ఎవరికీ నష్టం ఉండదు. బడి పిల్లల బృందాలకు కనీసం రెండున్నర గంటలు ఇవ్వాలి. ప్రతి కట్టడం దగ్గరా అది లోయలో ఎక్కడ ఉండేదో, ఇప్పుడు ఎంత లోతు నీటి కింద ఆ చోటు ఉందో చెప్పే పటాన్ని తెలుగులో పెట్టాలి. అలాగే సెలవు రోజుల్లో లాంచీ రేవు నుంచి అనుపుకు, అక్కడి నుంచి ఎత్తిపోతల జలపాతానికి ఒక బస్సు నడపాలి. సొంత వాహనం లేనివారు అనుపులో తిరిగి నిలబెట్టిన పాత రంగస్థలాన్ని చూడకుండానే వెనుదిరుగుతున్నారు.

వచ్చే చలికాలంలోగా టికెట్టు విషయంలోనైనా నిర్ణయం తీసుకుంటే, ఆ అమ్మాయిని, ఆ నోటుపుస్తకాన్ని మళ్లీ అక్కడికి తీసుకువెళ్తాను.

ఇట్లు,
ఒక ఉపాధ్యాయుడు,
పల్నాడు జిల్లా