క్యాంపు అయిపోయాక ఫోన్ ఎత్తేదెవరు?

సంపాదకులకు నమస్కారం.

మా వింజమూరు, ఉదయగిరి మెట్టలో ఉచిత కంటి శిబిరాలకు కొదవ లేదు. శుక్లం ఉన్న ముసలివాళ్లను బస్సెక్కించుకుని పోయి, ఆపరేషన్ చేయించి, నల్లద్దాలు పెట్టి మళ్లీ ఊళ్లో దించుతున్నారు, అందుకు దాతలకూ డాక్టర్లకూ చేతులెత్తి మొక్కాల్సిందే. నా బాధంతా ఆ తర్వాత సంగతి గురించి. మా మేనత్తకు అట్లాగే ఆపరేషన్ అయింది. వారం తిరక్కుండానే కన్ను ఎర్రబడి నీళ్లు కారుతుంటే కరపత్రం మీదున్న నంబరుకు ఫోన్ చేశాం. "క్యాంపు అయిపోయింది కదమ్మా, మళ్లీ పెట్టినప్పుడు రండి" అన్నారు. ఆ టెన్షన్‌లో కారు మాట్లాడుకుని నెల్లూరులో ప్రైవేటు ఆస్పత్రికి పరుగెత్తాం. ఆ ఖర్చు పెట్టుకోలేని వాళ్లు ఏం కావాలి?

ఎన్ని ఆపరేషన్లు చేశామని ఫ్లెక్సీలు వేస్తారు గానీ నెలన్నర తర్వాత ఎంతమందికి చూపు సరిగ్గా వచ్చిందో ఎవరూ చెప్పరు. సంస్థను నడిపే పెద్దలు ముందు అడగాల్సింది ఆ లెక్క.

మదురైలో డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామి సర్కారు కొలువు నుంచి రిటైరయ్యాక, 1976లో, 11 పడకలతో అరవింద్ కంటి ఆస్పత్రి మొదలుపెట్టారు. కీళ్లవాతంతో వేళ్లు వంకర్లు పోయిన మనిషి ఆయన. ఇవ్వగలిగినవాళ్ల దగ్గర ఫీజు తీసుకుని ఆ మిగులుతో లేనివాళ్లకు చేశారు, పల్లెటూరి ఆడపిల్లలకు పని నేర్పి డాక్టరు సమయమంతా ఆపరేషన్‌కే మిగిలేలా చూశారు, ఆపరేషన్‌లో కంట్లో అమర్చే విదేశీ లెన్సులు పేదలకు అందడం లేదని 1992లో అరోల్యాబ్ అనే సంస్థ పెట్టించి మన దేశంలోనే తయారు చేయించారు. 2006లో ఆయన పోయారు, ఆస్పత్రి మాత్రం పెరుగుతూనే ఉంది. మన ట్రస్టుల్లో పెద్దాయన మంచాన పడితే క్యాంపులు కూడా ఆగిపోతున్నాయి.

హైదరాబాద్ ఎల్వీ ప్రసాద్ కంటి ఆస్పత్రి వాళ్ల పద్ధతి మా మెట్టకు ఇంకా బాగా కుదురుతుంది. సుమారు 50 వేల జనాభాకు ఒక చిన్న కేంద్రం, అందులో శిక్షణ పొందిన స్థానిక కుర్రాళ్లో ఆడపిల్లలో ఉంటారు. కళ్లు చూసేదీ అద్దాలిచ్చేదీ అక్కడే, తేడా ఉంటేనే పై ఆస్పత్రికి పంపుతారు.

నెల్లూరుకు ఇలాంటి పట్టుదల కొత్తేం కాదు, కమ్యూనిస్టు నేత పుచ్చలపల్లి సుందరయ్య గారి తమ్ముడు డాక్టర్ రామచంద్రారెడ్డి గారు నిలబెట్టిన ప్రజావైద్యశాల నెల్లూరులోనే ఉంది.

జిల్లాలోని ట్రస్టులను నేను కోరేది ఇంతే. నాలుగు క్యాంపులు పెట్టే చోట రెండే పెట్టండి, మిగిలిన డబ్బుతో వింజమూరులోనో ఉదయగిరిలోనో ఒక గది తీసుకుని, నర్సింగో, కంటిచూపు పరీక్షించే ఆప్టోమెట్రీ కోర్సో చదివిన స్థానిక పిల్లకు జీతమిచ్చి ఏడాది పొడవునా కూర్చోబెట్టండి. కరపత్రం మీద దాత ఫొటో పక్కనే ఆ పిల్ల పేరు, ఫోన్ నంబరు వేయండి.

— ఒక పాఠకురాలు, వింజమూరు, నెల్లూరు జిల్లా