శనివారం వంశవృక్షం క్లాసు చెప్పిన మేడమ్‌కి

మేడమ్, మీ పేరు రాయొద్దన్నారు కాబట్టి రాయడం లేదు, కానీ ఈ థాంక్స్ నలుగురిలో చెప్పకపోతే నాకు మనసొప్పదు.

మా ముత్తాత తమ్ముడు విశాఖపట్నం జిల్లా నుంచి చెరుకు తోటల పనికి దక్షిణాఫ్రికాలోని నాటాల్ వెళ్లాడని నాయనమ్మ చెప్పేది, అంతకుమించి ఇంట్లో ఒక్క కాగితం లేదు. రెండేళ్లు ఇంటిపేరుతోనే వెతికాను. 1860 నుంచి 1911 దాకా అక్కడికి ఒప్పంద కూలీలుగా వెళ్లినవాళ్లు లక్షన్నరకు పైనే, ఆ ఓడ జాబితాల్లో మన ఇంటిపేర్లు సాధారణంగా ఉండవని, తండ్రి పేరు, వయసు, జిల్లా, ఊరు చూసుకోవాలని, అప్పలస్వామి లాంటి పేరు ఇంగ్లీషులోకి ఎక్కేసరికి రకరకాలుగా మారిపోతుందని మీరు ఓపిగ్గా, స్క్రీన్ మీద ఒక్కో గడీ చూపిస్తూ చెప్పాకే నాకు దారి కనిపించింది.

వికీట్రీ అనే వంశవృక్షాల వెబ్‌సైట్‌లో చెట్టు అందరిదీ ఒక్కటే, ఆధారం లేకుండా ఎవరినీ కలపొద్దు, ముందు అవతలివాళ్లకి మెసేజ్ పెట్టి అడగండి అన్నారు. అలా అడిగితేనే డర్బన్ నుంచి ఒకావిడ జవాబిచ్చారు. వాళ్ల పూర్వీకుడి తండ్రి పేరు, ఊరు మా వాటితో సరిపోయాయి! బంధుత్వం ఖాయమని ఇంకా అనను, తొందరపడొద్దని చెప్పింది మీరేగా.

క్లాసు అయిపోయాక కూడా, రాత్రి పదకొండింటికి నేను పంపిన ప్రశ్నలకి విసుక్కోకుండా బదులిచ్చారు, అది మర్చిపోలేను. పోయిన ఆదివారం అమ్మ ఆ డర్బన్ ఆవిడతో వీడియో కాల్‌లో గంటసేపు మాట్లాడింది. ఆవిడకి తెలుగు రాదు, అమ్మకి ఇంగ్లీషు రాదు, మధ్యలో నేను. మీకు చాలా చాలా కృతజ్ఞతలు మేడమ్.